మెరిసే కత్తి కొని మోసపోయాక: పాత గడ్డం కత్తికి విలువ ఎక్కడుంటుంది?

మెరుపు చూసి కొన్నాను. పొరపాటు అక్కడే జరిగింది.

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో చదువుకుంటున్న రోజులవి. ఆదివారం పూట ఊరి బయట మైదానంలో కార్ల డిక్కీలు తెరిచి పాత సామాన్లు అమ్ముకునే సంత జరిగేది. అక్కడ ఓ బల్ల మీద గడ్డం గీసుకునే మడత కత్తులు రెండు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి అద్దంలా తళతళలాడుతోంది, అందులో నా మొహం కనబడుతోంది. రెండోది నల్లబడిపోయి, మచ్చలు పడి, కొమ్ముతో చేసిన పిడి మీద పురుగు కొరికిన గుర్తులతో ఉంది. మెరిసేదాని ధర రెండోదానికి మూడింతలు. ఇంకేం ఆలోచిస్తాం, మెరిసేదే తెచ్చుకున్నాను.

మర్నాడు పొద్దున అది గడ్డం గీయలేదు, గీకింది. సానరాయి మీద మళ్లీ మళ్లీ నూరాను. నూరినప్పుడు పదునుగానే ఉండేది, ఒక చెంప పూర్తయ్యేసరికి మొద్దుబారేది. మా వీధిలో ఉండే రిటైరైన పెద్దాయన ఒకరు పాత కత్తులు పోగుచేస్తుంటారని తెలిసి ఆయనకు చూపించాను. భూతద్దం పెట్టి అర నిమిషం చూశారు. పదును వైపు కన్నెత్తి కూడా చూడలేదు, పదునైన భాగం వెనక ఉండే కత్తి మెడ మీద అక్షరాలు ఉండాల్సిన చోటే చూశారు. తిరిగి నా చేతిలో పెట్టి, "దీన్ని ఎవరో చంపేశారు" అన్నారు. తర్వాత ఒక్క ప్రశ్న అడిగారు: "ఆ బల్ల మీద ఇంకేమైనా ఉన్నాయా?"

పాత కత్తుల బజారులో ఉన్న చిక్కంతా ఇదే. ఒకే బల్ల మీద ఒకే రకం వస్తువు కోసం ఇద్దరు వస్తారు. ఒకాయన రోజూ గడ్డం గీసుకోవడానికి కొంటాడు. ఇంకొకాయన దాచుకోవడానికి. (కలెక్టర్ అంటే మనకు జిల్లా కలెక్టరే గుర్తొస్తాడు కాబట్టి ఈ రెండో ఆయన్ని సేకర్త అంటాను.) వాళ్లిద్దరూ డబ్బు పెట్టేది వేరువేరు వాటికి. వాడేవాడు అలుగులో (కత్తికి పదునుండే భాగంలో) ఇంకా మిగిలి ఉన్న ఉక్కుకు పెడతాడు. సేకర్త ఇంతవరకూ ఎవరూ ముట్టుకోని ఉక్కుకు పెడతాడు. అమ్మేవాళ్లలో చాలామందికి ఈ రెండూ తెలియవు, అందుకే మెరుగు పెట్టి ధర పెంచుతారు. నా మొదటి కత్తిలో మిగిలిందీ లేదు, ముట్టనిదీ లేదు.

వెన్నులో ఉంది కిటుకు

వంటింటి కత్తిని నూరేటప్పుడు ఎంత వంచి పట్టాలో మన చెయ్యే చూసుకోవాలి. మడత కత్తికి ఆ బాధ లేదు. రాయి మీద బల్లపరుపుగా పడుకోబెడితే చాలు, వెన్నూ (అంచుకు ఎదురుగా ఉండే మందమైన వైపు) అంచూ రెండూ ఒకేసారి రాయికి ఆనతాయి. వెన్ను మందం ఎంత, అలుగు వెడల్పు ఎంత అన్నదాన్ని బట్టి కోణం దానంతట అదే కుదురుతుంది.

వెడల్పును అంగుళంలో ఎనిమిదో వంతుల్లో చెబుతారు. 5/8 అంటే దాదాపు 16 మిల్లీమీటర్లు, 6/8 అంటే 19. ఒక 5/8 కత్తికి వెన్ను నాలుగున్నర మిల్లీమీటర్ల మందం ఉందనుకోండి, అంచు దగ్గర కోణం 16 డిగ్రీల పైచిలుకు వస్తుంది. గడ్డానికి అది సరిగ్గా సరిపోతుంది. నూరిన ప్రతిసారీ అంచుతోపాటు వెన్ను కూడా కాస్త అరుగుతుంది కాబట్టి, శ్రద్ధగా నూరితే రెండు తరాలు వాడినా ఆ కోణం పెద్దగా మారదు. సాన పట్టే కొలత కత్తిలోనే దాచిపెట్టిన పనితనం ఇది.

ఇప్పుడు నా మెరిసే కత్తి సంగతికి రండి. ఎవరో దాన్ని మోటారుతో తిరిగే మెరుగు చక్రానికి ఆనించి తుప్పంతా పోయేదాకా అరగదీశారు. అంచు జోలికి పెద్దగా పోలేదు, వెన్నూ పక్కలూ మాత్రం బాగా తిన్నారు. వెన్ను నాలుగున్నర నుంచి మూడున్నర మిల్లీమీటర్లకు దిగితే కోణం 12, 13 డిగ్రీలకు పడిపోతుంది. అంత పల్చటి అంచు గడ్డం వెంట్రుకలకు నిలబడదు, వంగుతుంది, చిట్లుతుంది. అంతకంటే పెద్ద నష్టం వేడి వల్ల జరుగుతుంది. ఈ కత్తుల ఉక్కును ముందు బాగా కాల్చి, ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరుస్తారు. తర్వాత పెళుసుదనం పోవడానికి మళ్లీ కొద్దిగా వేడి చేస్తారు. ఈ రెండోసారి వేడిని చాలా తక్కువలోనే ఆపేయాలి. మెరుగు చక్రం దగ్గర కాగితమంత పల్చటి అంచు కన్ను మూసి తెరిచేలోపు కాలిపోతుంది. 220, 230 డిగ్రీల సెల్సియస్‌కు ఉక్కు మీద గడ్డి రంగు పసుపు తేలుతుంది. 300 దగ్గర నీలం తేలుతుంది. నీలం తేలిన అంచు గడ్డం కత్తిగా ఇక పనికిరాదు, గట్టిదనం పోయినట్టే. ఆ నీలాన్ని కూడా అదే చక్రం మీద తుడిచేస్తే కొనేవాడికి ఏమీ కనబడదు. పైన పటారం, లోన లొటారం.

అందుకే అనుభవం ఉన్న వాడుకరి మెరుపు చూడడు. కత్తి తెరిచి, వెలుతురుకు ఎదురుగా పట్టి, ముందు అంచు వెంబడి చూపు పోనిస్తాడు. అంచు తిన్నగా ఉన్నా పరవాలేదు, మధ్యలో కొంచెం బయటికి ఉబ్బి నవ్వుతున్నట్టున్నా పరవాలేదు. మధ్యలో లోపలికి అరిగి మూతి ముడుచుకున్నట్టుంటే పక్కన పెట్టేస్తాడు. అలాంటిదాన్ని రాయి మీద పెడితే రెండు కొసలే తగులుతాయి, నడుమ తగలదు. తర్వాత వెన్ను చూస్తాడు. రాయికి రాసుకుని వెన్ను మీద సన్నటి చదును పట్టీ ఏర్పడుతుంది. అది ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే వెడల్పులో ఉంటే ఆ కత్తి మంచి చేతుల్లో పెరిగిందని అర్థం. ముందు కొసన ముక్కు దగ్గర వెడల్పుగా, పిడి వైపు మడమ దగ్గర సన్నగా ఉంటే ఎవరో చెయ్యి నొక్కిపెట్టి నూరారన్నమాట. ఆ తప్పు దిద్దాలంటే మళ్లీ బోలెడు ఉక్కు పోగొట్టుకోవాలి.

తుప్పు విషయంలో కొత్తవాళ్లు ఎక్కువగా బెదిరిపోతారు. ఎంత తుప్పు పట్టిందన్నది కాదు, ఎక్కడ పట్టిందన్నది చూడాలి. వెన్ను మీదా మెడ మీదా నల్లటి మచ్చలుంటే గడ్డానికి వచ్చిన నష్టమేమీ లేదు. అంచుకు ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో సూదిమొన గుచ్చినట్టు చిన్న గుంట ఉంటే మాత్రం అనుమానించాల్సిందే. ఇవాళ అంచు బాగానే ఉంటుంది. నూరుతూ నూరుతూ అంచు ఆ గుంటను చేరిన రోజున అక్కడ చిన్న నొక్కు పడుతుంది, చెంప మీద ఎర్రగీత పడుతుంది. అడ్డంగా సన్నటి పగులు ఉంటే ఇక ఆలోచించేదేమీ లేదు, ఎవరు ఉచితంగా ఇచ్చినా తీసుకోకూడదు.

అలుగు కడుపును, అంటే దాని రెండు పక్కల్ని, ఎంత గుల్లగా నూరారన్నది అలవాటుకు సంబంధించిన సంగతి. పాతకాలంలో పెద్ద రాతి చక్రాల మీద నూరేవాళ్లు కాబట్టి అలుగు పక్కలు దాదాపు చదునుగా ఉండేవి, నిలువుకోత కోస్తే ఇంగ్లిషు 'వి' అక్షరంలా కనిపిస్తుంది. తర్వాత చక్రాలు చిన్నవయ్యాయి. 19వ శతాబ్దం చివరికి, ముఖ్యంగా జర్మనీలోని జోలింగెన్ పనివాళ్లు అలుగు కడుపును రెండు వైపులా లోతుగా తోడేసి, గోరుతో నొక్కితే వంగేంత పల్చగా చేశారు. అలాంటి కత్తి గడ్డం మీద పోతుంటే చిన్నగా మోగుతుంది. ఆ చప్పుడు కోసమే కొనేవాళ్లున్నారు. బరువైన పాత రకం గట్టి గడ్డానికి హాయిగా ఉంటుందని ఇంకొందరు అంటారు. రెండూ వాడాను. నాకైతే బరువైనదే నచ్చింది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు మాత్రం 5/8 లేదా 6/8, ముక్కు గుండ్రంగా ఉన్నది మేలు. ముక్కు చదరంగా ఉన్నది చెవి తమ్మెను గుర్తుపెట్టుకునేలా చేస్తుంది.

ఇన్ని చెప్పినా కంపెనీ పేరు ఎక్కడా రాలేదు, గమనించారా? పేరూ ఊరూ ఎవరికీ తెలియని జోలింగెన్ కత్తి, వెన్నూ అంచూ సవ్యంగా ఉంటే, పెద్ద పేరున్న కత్తితో సమానంగా గీస్తుంది. వాడేవాడికి బజారులో చవకగా దొరికేవన్నీ ఇక్కడే ఉన్నాయి.

మెడ మీది అక్షరాలు

సేకర్త చూపు అంచు మీద ఆగదు. తోకకూ అలుగుకూ మధ్య ఉన్న మెడ మీద ఆగుతుంది. అక్కడ కొట్టిన ముద్రే ఆ కత్తికి జన్మపత్రిక.

అందులో మొదట వెతికేది దేశం పేరు. 1890లో అమెరికా తెచ్చిన మెకిన్లీ సుంకాల చట్టం ప్రకారం, 1891 మార్చి నుంచి అమెరికాకు వచ్చే విదేశీ సరుకు మీద ఏ దేశంలో తయారైందో ఉండాలి. షెఫీల్డ్, జోలింగెన్ కంపెనీలకు అమెరికా పెద్ద బజారు. అందుకని 'ఇంగ్లండ్', 'జర్మనీ' అన్న మాటలు కత్తి మెడల మీదికి ఎక్కాయి. దేశం పేరు ఉంటే ఆ కత్తి దాదాపుగా 1891 తర్వాతిదే. పేరు లేకపోతే అంతకు ముందుదని మాత్రం ఖాయంగా చెప్పలేం, సొంత దేశంలో అమ్మేవాటికి ఆ ముద్ర అక్కర్లేదు కదా. ఈ ఒక్క మెలిక తెలియక డబ్బు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

ఇంగ్లండ్ పాత కత్తుల్లో కొన్నిటి మీద కిరీటం బొమ్మ, దానికి అటూ ఇటూ రెండు అక్షరాలు ఉంటాయి. జి, ఆర్ ఉంటే జార్జి రాజుల కాలం, 1830 వరకు. వి, ఆర్ ఉంటే విక్టోరియా, 1837 నుంచి 1901 వరకు. ఈ రెంటి మధ్య ఏడేళ్లు నాలుగో విలియం రాజ్యం చేశాడు. డబ్ల్యు, ఆర్ అక్షరాలున్న కత్తులు ఆ ఏడేళ్లలోనే రావాలి కాబట్టి అవి తక్కువ, వాటి కోసం పోటీ ఎక్కువ. గడ్డానికి ఆ అక్షరాల వల్ల ఒరిగేదేమీ లేదు, ధర మాత్రం మారిపోతుంది. ఆకారం కూడా సాక్ష్యమే. 18వ శతాబ్దపు కత్తులకు వెనక తోక ఉండదు, ఉన్నా మొండిగా పొట్టిగా ఉంటుంది. వేలు ఆనించుకునే పొడవాటి తోక తర్వాతి కాలానిది.

ఆ తర్వాత వచ్చేవి ఉక్కు పేర్లు. 'కాస్ట్ స్టీల్' అని ఉంటే దాని వెనక బెంజమిన్ హంట్స్‌మన్ ఉన్నాడు. గడియారాలు చేసుకునే ఈయన, స్ప్రింగులకు దొరికే ఉక్కు అంతటా ఒకేలా ఉండటం లేదని విసిగిపోయి, 1740ల నాటికి ఉక్కును మట్టి మూసల్లో పూర్తిగా కరిగించి పోత పోసే పద్ధతి పట్టుకున్నాడు. షెఫీల్డ్ పనివాళ్లు మొదట్లో అది మరీ గట్టిగా ఉందని ముట్టుకోలేదు. ఫ్రాన్సు వాళ్లు కొనుక్కుని మంచి కత్తులు చేసి పంపడం మొదలుపెట్టాక కళ్లు తెరిచారు. షెఫీల్డ్ శివార్లలోని ఆబీడేల్‌లో అలాంటి మూస కొలిమి ఒకటి ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది, వెళ్లి చూడొచ్చు.

'సిల్వర్ స్టీల్' ముద్ర కథ ఇంకా బాగుంటుంది. జేమ్స్ స్టోడార్ట్ అని లండన్‌లో శస్త్రచికిత్స పరికరాలు, గడ్డం కత్తులు చేసే ఆయన ఉండేవాడు. విద్యుత్తు విషయంలో మనం పాఠాల్లో చదువుకునే మైకేల్ ఫారడే కుర్రతనంలో ఈ స్టోడార్ట్‌తో కలిసి ఉక్కు మీద ప్రయోగాలు చేశాడు. 1820లోనూ 1822లోనూ వాటి ఫలితాలు ప్రచురించారు. ఉక్కులో అయిదు వందలో వంతు వెండి కలిపితే బాగుందని వాళ్లు రాశారు. అంతే, షెఫీల్డ్ కంపెనీలు 'సిల్వర్ స్టీల్' అని కొట్టడం మొదలుపెట్టాయి. కాలక్రమంలో అది అమ్మకపు మాటగా మిగిలింది. ఫారడే తమ మిశ్రమాలతో చేయించిన గడ్డం కత్తుల్ని స్నేహితులకు కానుకగా కూడా ఇచ్చాడు.

ఇంతకీ స్టోడార్ట్‌కు ఉక్కు మీద అంత పిచ్చి ఎలా పట్టుకుంది? మన వైపు నుంచే. 1790లలో బొంబాయి నుంచి 'వూట్జ్' అనే భారతీయ ఉక్కు ముద్దలు లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి వెళ్లాయి. ఆ పరీక్షల్లో స్టోడార్ట్ చెయ్యి ఉంది. తర్వాత ఆయన తన దుకాణం కార్డు మీద, ఇండియా నుంచి వచ్చే వూట్జ్‌తో కత్తులు చేస్తానని, ఏళ్ల తరబడి పోల్చి చూశాక యూరప్ ఉక్కుల్లో మేలైనదానికన్నా అదే నచ్చిందని అచ్చు వేయించుకున్నాడు. వూట్జ్ అన్నది కన్నడంలోనూ తెలుగులోనూ ఉన్న 'ఉక్కు' అన్న మాటకే వచ్చిన వంకర రూపం. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఈ మూస ఉక్కుకు పేరుపడ్డ ఊరు. 1820ల దాకా కూడా పారశీక వర్తకులు అక్కడికి వచ్చి, మకాం వేసి, ఉక్కు కొనుక్కుపోయేవాళ్లు. లండన్ పెద్దమనుషుల గడ్డాల దగ్గర మన మాట తిరిగిందన్నది నాకు ఇష్టమైన సంగతి, కాస్త ఎక్కువసేపు చెప్పినందుకు ఏమనుకోకండి.

ఇదంతా ఎక్కడ ఉంది? మిల్లీమీటరులో కొద్ది వంతు లోతున్న అక్షరాల్లో. మెరుగు చక్రం ముందుగా తినేసేది వాటినే. యాసిడ్‌తో అలుగు మీద సన్నగా చెక్కిన బొమ్మలు, వాటికి పూసిన బంగారపు పూత అంతకన్నా ముందే పోతాయి. అమెరికా బజారు కోసం గద్దబొమ్మలు, నౌకలు, ప్రముఖుల ముఖాలు చెక్కిన షెఫీల్డ్ కత్తులకు సేకర్తలు కళ్లకద్దుకుని డబ్బిస్తారు. ఆ చెక్కడం సగం చెరిగితే ధర సగం కాదు, అంతకన్నా బాగా కిందికి పోతుంది. మసకబారిన పాత నలుపును వాళ్లు మురికి అనుకోరు, ఎవరూ చెయ్యి పెట్టలేదనడానికి రుజువు అనుకుంటారు.

ఆ మెరుగుల వెనక ప్రాణాలు కూడా పోయాయి. పొడి రాతి చక్రాల దగ్గర వంగి కూర్చుని నూరే షెఫీల్డ్ పనివాళ్లు ఆ రాతిపొడి పీల్చి, ఊపిరితిత్తులు పాడై నడివయసు రాకముందే చనిపోయేవాళ్లు. ఆ ఊళ్లో ఆ జబ్బుకు నూర్పిడివాళ్ల ఆస్తమా అనే పేరే ఉండేది.

పాతదైతే చాలదు

పాతదంటే విలువైనదే అనుకునేవాళ్లకు ఒక లెక్క. 1903లో కింగ్ క్యాంప్ జిలెట్ తన కొత్త రకం రేజరు అమ్మకానికి పెట్టిన ఏడాదిలో పోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం తన సైనికులకు ఆ రకం రేజర్లు లక్షల్లో పంచింది. ఇంటికి తిరిగొచ్చినవాళ్లు మళ్లీ మడత కత్తి వైపు చూడలేదు. అప్పటికే ఇంటింటా ఉన్న మడత కత్తులన్నీ సొరుగుల్లోకి పోయాయి. అందుకే వందేళ్ల నాటి మామూలు కత్తి ఇప్పటికీ కావలసినన్ని దొరుకుతుంది, చవకే. తక్కువగా మిగిలినవి వేరు. ఆదివారం నుంచి శనివారం దాకా వెన్ను మీద వారం పేరు చెక్కి, రోజుకొకటి చొప్పున ఏడు కత్తులు పెట్టెలో అమర్చిన సెట్లుండేవి. ఏడూ ఉంటే ఒక ధర. గురువారం పోతే మిగతా ఆరూ మామూలు కత్తులే.

పిడి దగ్గర ఇద్దరి దారులూ ఇంకా విడిపోతాయి. ఏనుగు దంతం, తాబేటి చిప్ప, ముత్యపు చిప్ప, కొమ్ము: ఒకప్పుడు ధర నిర్ణయించినవి ఇవే. ఇప్పుడు దంతమే పెద్ద తలనొప్పి. ఆఫ్రికా ఏనుగు దంతం అంతర్జాతీయ వ్యాపారం మీద 1989లో నిషేధం ఒప్పుకున్నారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టం, దాని తర్వాతి సవరణలు దంతం వ్యాపారాన్ని పూర్తిగా ఆపేశాయి. బ్రిటన్ 2018లో చేసిన దంతపు చట్టం 2022లో అమల్లోకి వచ్చాక అక్కడా పాత సరుకు అమ్మడం కష్టమైంది. విదేశంలో ముచ్చటపడి కొని సూట్‌కేసులో వేసుకొస్తే కస్టమ్స్ దగ్గర దొరికిపోతారు. 'దంతపు పిడి' అన్న మాట వినగానే సేకర్తలకు ఆశ పుట్టేది, ఇప్పుడు టెన్షన్ పుడుతోంది.

దంతంలా కనిపించేవాటిలో చాలా భాగం 1870 తర్వాత వచ్చిన సెల్యులాయిడ్. గీతలు చూస్తే తెలిసిపోతుంది: నకిలీలో పొడవునా ఒకేలా సమానంగా పోతాయి. అసలు దంతాన్ని అడ్డంగా కోసిన చోట ఒకదాన్నొకటి కోసుకుంటూ వల అల్లినట్టుంటాయి. సెల్యులాయిడ్‌తో అసలు ప్రమాదం వేరే. అది పాతబడి కుళ్లితే నైట్రిక్ యాసిడ్ ఆవిరి వదులుతుంది. కత్తి మడిచి ఉన్నంతకాలం ఆ ఆవిరంతా అలుగుకే తగులుతుంది. బయటకు ఉన్న మెడ బాగుండి, పిడిలో దాగే అలుగుకే తుప్పు పట్టి, మేకుల చుట్టూ పచ్చటి చిలుము కనిపిస్తే అనుమానం అక్కర్లేదు. తాబేటి చిప్పలా కనిపించే పారదర్శకపు రకం ఈ విషయంలో అందరికన్నా చెడ్డది. తెల్లటి దంతపు రంగు రకం కొంత నయం, అందులో తెలుపు కోసం కలిపిన జింక్ ఆక్సైడ్ ఆ యాసిడ్‌ను కొంత విరుస్తుంది. కుళ్లిన పిడి ఉన్న కత్తిని మిగతావాటితో ఒకే డబ్బాలో పెడితే పక్కవాటికీ అంటిస్తుంది.

ఇలాంటి పిడి దొరికితే వాడేవాడు ఏం చేస్తాడు? మేకులు కోసి, దాన్ని పారేసి, చెక్కతోనో కొమ్ముతోనో కొత్త పిడి వేయించుకుంటాడు. హాయిగా ఉంటుంది. సేకర్త తల పట్టుకుంటాడు. ఆయనకు కుళ్లిన పిడి కూడా కావాలి, విడిగా అయినా సరే. పాత ఇత్తడి మేకు, దాని కింది పువ్వు ఆకారపు ఉంగరం, పిడి చివర రెండు చిప్పల మధ్య పెట్టిన సీసపు ముక్క, అన్నీ అప్పటివేనా అని చూస్తాడు. మేకు ఒకసారి తీసి కొట్టారంటే తల మీద సుత్తి దెబ్బల తీరు మారిపోతుంది.

ఇద్దరూ ఒకే కత్తి కోసం కొట్టుకునే సందర్భాలూ ఉన్నాయి. స్పెయిన్ 'ఫిలార్మోనికా' పేరు వాడేవాళ్ల నోళ్లలో నాని నాని సేకర్తల ధరకు చేరింది. స్వీడన్ ఎస్కిల్‌స్తునా ఊరి కత్తులు, హెల్జెస్ట్రాండ్ లాంటివి, గట్టి ఉక్కు కోసం వాడుకరులు వెతుకుతారు, అవీ పెరిగాయి. పేరుకు ధర వచ్చిన చోట నకిలీలు వస్తాయి. మామూలు అలుగు మీద కొత్తగా యాసిడ్‌తో పెద్ద పేరు గీసి అమ్మేవాళ్లుంటారు. పాత చెక్కడం అయితే అలుగు మీది నూరిన గీతలు, మచ్చలు దాని మీదుగా కూడా సాగుతాయి. కొత్త చెక్కడం మచ్చల పైన తాజాగా కూర్చుని ఉంటుంది.

ఇక అసలు సందిగ్ధం ఒక్కసారి కూడా వాడని పాత సరుకు దగ్గర వస్తుంది. మూత తీయని అట్టపెట్టెలో (ఆ పెట్టెను సేకర్తలు శవపేటిక అంటారు, ఆకారం అలాగే ఉంటుంది) కాగితం చుట్టిన కత్తి. వెన్ను మీద రాయి తగిలిన గుర్తే లేదు. వాడేవాడికి అది పూర్తి ఉక్కుతో ఉన్న కత్తి. సేకర్తకు ఎవరూ ముట్టని కత్తి. ఇద్దరికీ ఇదే ఉత్తమం. సాన మీద ఒక్కసారి పెట్టగానే రెండో ఆయనకు విలువ పడిపోతుంది. పెట్టకపోతే మొదటి ఆయన గడ్డం గీసుకోలేడు, ఫ్యాక్టరీ పదును గడ్డానికి చాలా సందర్భాల్లో సరిపోదు.

మన దగ్గర ఈ బజారు పెద్దగా లేదు. కారణం మన కత్తులు ఎప్పుడూ పనిలోనే ఉండటం. ఊళ్లలో మంగలి కత్తి అని పిలిచిన ఈ కత్తి పొదిలో కత్తెర, గోరుగల్లు, సానరాయి, పటిక ముక్కతో కలిసి ఊరంతా తిరిగింది. అరచేతికి రాసి పదును తెచ్చేవాళ్లు, అలుగు దబ్బనమంత సన్నం అయ్యేదాకా వాడేవాళ్లు. పెట్టెలో దాచే తీరిక దానికి లేదు. ఎయిడ్స్ భయం మొదలయ్యాక సెలూన్లన్నీ బ్లేడు మార్చే కత్తికి మారిపోయాయి. తిరుమల కల్యాణకట్టలో కూడా ప్రతి భక్తుడికీ కొత్త బ్లేడే.

మళ్లీ ఆ నల్ల కత్తి దగ్గరికి. పెద్దాయన అడిగిన ప్రశ్న బుర్రలో తిరుగుతుంటే మరుసటి ఆదివారం మళ్లీ సంతకు వెళ్లాను. అదింకా అక్కడే ఉంది, పోయిన వారం కన్నా రెండు పౌండ్లు తక్కువకే ఇచ్చారు. ఇంటికి తెచ్చి భూతద్దంలో చూస్తే మెడ మీద అక్షరాలు నిన్న కొట్టినట్టున్నాయి. దేశం పేరు లేదు. కిరీటం, దాని పక్కన డబ్ల్యు, ఆర్. మచ్చలన్నీ వెన్ను వైపే, అంచు వెంట ఒక్క గుంట లేదు.

ఆయనకు చూపించాను. చాలాసేపు చూశారు. "నూనె పూసి ఉంచు, ఇంకేమీ చేయకు" అన్నారు. నేను రెండు వారాలు ఆగాను. తర్వాత వెన్నుకు కరెంటు పని చేసేవాళ్లు వాడే నల్ల టేపు చుట్టి, సన్న సానరాయి మీద పడుకోబెట్టాను. టేపు మందం వల్ల కోణం ఒక డిగ్రీ దాకా పెరుగుతుంది. కానీ వెన్ను అరగదు, మచ్చలు కూడా కదలవు. తోలుపట్టా మీద అరవై సార్లు లాగి చెంపకు ఆనించాను. దాదాపు రెండు వందల ఏళ్ల నాడు ఏ కొలిమిలో మరిగిందో గానీ, చప్పుడు లేకుండా వెన్న మీద పోయినట్టు పోయింది.

ఆ నెలాఖరున ఆయన మా గదికి టీకి వచ్చారు. కత్తి కిటికీ దగ్గర ఆరబెట్టి ఉంది. ఏమీ అనకుండా జేబులోంచి భూతద్దం తీసి, వెన్ను పొడవునా ఈ చివర నుంచి ఆ చివరకు చూశారు. మళ్లీ వెనక్కి చూశారు.

"టేపు వేశావా?" అన్నారు. అవునన్నాను. టీ కప్పు అందుకున్నారు.